మెట్టు కదపాలా, బిరడ తిప్పాలా?

రెడ్డిగూడెంలో మే నెల ఎండకి తోటలో రసాలే కాదు, ఇంట్లో వీణ మీద మైనం కూడా మెత్తబడుతుంది. రెండింటినీ బొటనవేలితో నొక్కి చూడాలనిపిస్తుంది. నొక్కితే రెండూ చెడతాయి.

నాలుగైదేళ్ల కిందట ఒక వేసవి. కోతలు జోరుగా సాగుతున్నాయి. వసారా నిండా కాయల గుట్టలు, ఇల్లంతా సొన వాసన. చిక్కాలు చెట్టుకు ఆనించి అందరూ అన్నాలకు కూర్చున్నాక వీణ ముందేసుకుని శంకరాభరణం మొదలుపెట్టాను. గాంధారం దగ్గర పంటికింద రాయి. మళ్లీ మీటాను, మళ్లీ రాయి. స్వరం రవ్వంత తక్కువ పలుకుతోంది. నాలుగో మెట్టు పక్కన మైనం వేలికి మెత్తగా తగిలింది. దొంగ దొరికాడనుకుని, మెట్టును వెంట్రుకవాసి కుండ వైపు నెట్టాను.

గాంధారం బాగుపడింది. ఆ సంబరంలో పంచమం తీగ మీదికి వెళ్లాను. అక్కడ నిషాదం చెడింది. నిషాదం కోసం మెట్టును వెనక్కి లాగితే గాంధారం మళ్లీ మొదటికొచ్చింది. అటు నెట్టి, ఇటు లాగి, మధ్యలో పక్క మెట్టుకు వేలు తగిలించి, సాయంత్రానికి మూడు మెట్లు వంకరగా కూర్చోబెట్టాను.

నూజివీడుకు ఫోను చేశాను. ఆ వీణ అక్కడ చేయించుకున్నదే. నాకు టీచరుద్యోగం వచ్చిన కొత్తలో, జీతం డబ్బులు దాచి కొన్నది. దాన్ని చేసిన పెద్దాయన ఇప్పుడు లేడు. ఆ ఇంటి కుర్రాడు ఎత్తాడు. నా రామాయణమంతా విని, "బిరడ చూసుకున్నారా అమ్మగారూ?" అన్నాడు.

చూసుకోలేదు. ఎండకి సారణి తీగ కాస్త దిగింది, జరిగింది అంతే. బిరడను పావు చుట్టు తిప్పితే పోయేదానికి మెట్లు పీకి పెట్టాను. "మెట్టు నాలుగు తీగలదండీ, బిరడ ఒక్క తీగది. ఒక్కదాని సంగతి చూసుకున్నాకే నాలుగింటి జోలికి వెళ్లాలి" అన్నాడా కుర్రాడు. వ్యక్తిత్వ వికాసం మీద ఈ పుస్తకం రాయడానికి నేను చదివిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఫోనులో విన్న ఆ రెండు వాక్యాలు ఒక ఎత్తు. ఈ అధ్యాయమంతా వాటి వెనకాల నడుస్తుంది.

వీణ వాయించని వాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. నూజివీడులోనైనా, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలోనైనా వీణ చేసేది పనస కర్రతోనే. కుండ, దండి, యాళి ముఖం అన్నీ కర్ర. దండి మీద రెండు వరసల్లో నల్లటి మైనం పోసి, దానిలో 24 లోహపు మెట్లు కూర్చుతారు. వాటి మీదుగా వాయించే తీగలు 4 వెళతాయి, పక్కన తాళం తీగలు 3 ఉంటాయి. ఏడింటికీ ఏడు బిరడలు. సారణి షడ్జం, దాని తర్వాత పంచమం, ఆ తర్వాత మంద్ర షడ్జం, చివర అనుమంద్ర పంచమం.

ఇక నా గాంధారం సంగతి. సారణి మీద నాలుగో మెట్టు నొక్కితే అంతర గాంధారం. అదే మెట్టు పంచమం తీగ మీద నొక్కితే కాకలి నిషాదం. మూడో తీగ మీద మళ్లీ గాంధారం, నాలుగో తీగ మీద మళ్లీ నిషాదం. నేను ఒక స్వరాన్ని బాగుచేస్తున్నాననుకుని నాలుగు స్వరాలను కదిపాను. బిరడ తిప్పి ఉంటే ఒక్క తీగ కదిలేది. మన జీవితంలో కూడా ఏదో ఒకటి అపస్వరంగా వినబడగానే చెయ్యి మెట్టు మీదికే పోతుంది. మెట్టు కళ్లెదుట ఉంటుంది మరి. బిరడ అటు చివర, మెడ తిప్పితే గాని కనిపించదు.

మెట్లు కదపడం తప్పు అనుకోకండి. ఒకప్పుడు వీణ పద్ధతే అది. విజయనగరంలో అళియ రామరాయల కాలంలో రామామాత్యుడు 1550లో 'స్వరమేళకళానిధి' అనే గ్రంథం రాశాడు. అందులో వీణకు శ్రుతి చేసే తీరులు మూడు చెప్పాడు: శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాయల పేరు మీద అచ్యుతరాజేంద్రమేళ వీణ. లావు తీగ నుంచి చెబితే, శుద్ధమేళంలో తీగలు స-ప-స-మ. మధ్యమేళంలో ప-స-ప-స, అంటే ఇవాళ మా ఇంట్లో వీణకున్నదే. ఒక్కో తీరులోనూ మళ్లీ రెండు రకాలు. అన్ని రాగాలకూ సరిపడా మెట్లున్నది సర్వరాగమేళ వీణ. ఒక రాగానికి కావలసిన స్వరాలకే మెట్లు పెట్టుకుని, రాగం మారితే మెట్లు జరుపుకొనేది ఏకరాగమేళ వీణ.

ఆ ఏకరాగమేళ వీణ నాకు చాలా ఇష్టమైన ఊహ. ఏడు స్వరాల ఇల్లు. శంకరాభరణానికి కట్టుకుంటే అందులో శంకరాభరణమే కాపురం. మర్నాడు తోడి వాయించాలంటే రిషభం, గాంధారం, ధైవతం, నిషాదం నాలుగు చోట్లా మెట్లు వెనక్కి జరపాలి. కచేరీలో ఐదు రాగాలుంటే ఎన్నిసార్లు జరపాలో ఆలోచించండి. తంజావూరు రఘునాథ నాయకుడు రాజ్యం చేసిన కాలంలో (1600–1634) ఆ తిప్పలు తప్పాయి. స్థాయికి 12 చొప్పున 24 మెట్లు స్థిరంగా కూర్చిన వీణకు ఆయన పేరు మీదే రఘునాథమేళ వీణ అని పేరు. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన కవి కూడా. కవి రాజైతే ఇలాంటి మంచి పనులు కొన్ని జరుగుతాయి.

ఆ స్థిరమైన మెట్ల మీద తోడి గాంధారం ఎలా పలుకుతుంది? మెట్టు మీద పలకదు. వైణికుడు తీగను పక్కకు లాగి, ఊపి పలికిస్తాడు. మెట్టు కదలదు, బిరడ కదలదు, వేలు కదులుతుంది. ఆ గమకం ఉన్నంతసేపే ఆ మార్పు. వేలు తీస్తే వీణ ఎప్పటిలాగే ఉంటుంది. అత్తగారింట్లో పండగ నాలుగు రోజులు మీరు చేసే సర్దుబాట్లు ఈ జాతివి. నాలుగు రోజుల పనికి బిరడ కూడా తిప్పక్కర్లేదు.

తిప్పాల్సి వచ్చినప్పుడు ఎంత తిప్పాలో చెప్పడానికి వయొలిన్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇది పాశ్చాత్యుల వాద్యం. వాళ్ల శ్రుతిలో నాలుగు తీగల మధ్య మూడు ఎడాలూ సమానం, ఒక్కోటి షడ్జం నుంచి పంచమం అంత. మన పాటకు అది కుదరదు, మనకు స-ప-స-ప కావాలి. దీనికి మనవాళ్లు కొత్త వాద్యం చెక్కించలేదు. పైనున్న రెండు తీగలను రెండేసి స్వరస్థానాలు కిందికి దించారు, అంతే. కింది రెండు తీగలు, కమాను, కర్ర ఉన్నవి ఉన్నట్టే. మొదటి ఎడం పంచమం, మధ్య ఎడం మధ్యమం, చివరిది మళ్లీ పంచమం. బిరడల్లో మారింది ఇంతే కానీ, కూర్చునే తీరు మారింది. వాద్యం కొస పాదం మీద ఆనించుకునేసరికి ఎడమ చెయ్యికి వాద్యాన్ని మోసే పని పోయింది, జారు గమకాలకు దారి దొరికింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మొదలుపెట్టిన ఈ దారి మన ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతుల్లో ఎక్కడిదాకా వెళ్లిందో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ వయొలిన్‌ను పరాయి వాద్యమని ఎవరంటారు?

మాండొలిన్‌కూ పాశ్చాత్య శ్రుతి వయొలిన్‌దే. కానీ దాని మెట్లు లోహం, కర్రలో బిగించేసి ఉంటాయి, పైగా తీగలు జంటలు. జంట తీగను లాగి గమకం పలికించడం కష్టం. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు వేశాడు, ఐదో తీగ చేర్చాడు, షడ్జ పంచమాల శ్రుతి పెట్టుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్లవాడు. ఆ వాద్యంలో కర్ణాటక సంగీతం పలకదని పెద్దవాళ్లు అనుకునే రోజులవి. నేను ఇక్కడ మెచ్చుకునేది అతని మేధను మాత్రమే కాదు, మేధ ఎలాగూ అందరికీ రాదు. ఏది తీసెయ్యాలో తెలియడం నాకు అంతకంటే పెద్ద విషయంగా తోస్తుంది. మాండొలిన్ తియ్యదనమంతా ఆ జంట తీగల్లోనే ఉందని చెప్పుకునేవాళ్లు. ఆ తియ్యదనమే గమకానికి అడ్డం.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి, ఎందుకంటే ఇలాంటి పుస్తకాలు చదివినవాళ్లు ఉత్సాహంలో అన్నీ పైకి బిగిస్తారు. తీగను ఒక స్వరస్థానం పైకి పెంచితే దాని మీద బిగువు సుమారు 12 శాతం పెరుగుతుంది. రెండు పెంచితే 26 శాతం. చెవికి 'స' నుంచి 'రి' దాకా వెళ్లినట్టే ఉంటుంది, తీగకు మాత్రం నాలుగో వంతుకు పైగా భారం. పైన చెప్పిన వయొలిన్ మార్పులో తీగలు దించారు, ఎక్కించలేదన్నది గమనించండి. ఎక్కించక తప్పకపోతే సన్న తీగ వేసుకోవాలి. ఉదయం ఐదింటికి లేవాలి, రోజూ గంట నడవాలి, పది పేజీలు చదవాలి అని జనవరిలో ఒక్కసారే బిగించుకున్న తీగ సంక్రాంతికి టప్పుమనడంలో మీ పట్టుదల లోపం ఏమీ లేదు. లావు తీగను సన్న తీగ శ్రుతికి బిగించారు. లేచే వేళ ముందుకు జరపాలంటే రాత్రి పనుల్లో ఒకటి దించండి, తీగ సన్నబడుతుంది.

ఇప్పుడు మా మనవడి మౌత్ ఆర్గాన్.

పోయిన వేసవికి హైదరాబాదు నుంచి వస్తూ తెచ్చుకున్నాడు. పది రంధ్రాలది. వచ్చిన రెండో రోజే వసారాలో కూర్చుని, "అమ్మమ్మా, ఇది పాడైపోయిన ముక్క. ఇందులో మధ్యమం లేదు, ధైవతం లేదు" అని మూతి ముడిచాడు. తీసుకుని ఊది చూశాను. వాడు కింది స్థాయిలో వెతుకుతున్నాడు. అక్కడ నిజంగానే 'మ' లేదు, 'ద' లేదు. అది లోపం కాదు, కట్టుబడే అంత. ఊదితే షడ్జం, గాంధారం, పంచమం కలిసి మోగాలని జర్మనీ వైపు వాళ్లు 19వ శతాబ్దంలో చేసుకున్న ఏర్పాటు. దాన్ని రిక్టర్ శ్రుతి అంటారు. మధ్య స్థాయిలో ఏడు స్వరాలూ ఉంటాయి. కింద రెండు లోపిస్తాయి, పైన నిషాదం లోపిస్తుంది.

"కింద ఉన్నవేంట్రా?"

"స, రి, గ, ప, ని."

"మరి హంసధ్వనే కదరా!"

వాడు నమ్మలేదు. ఊదాడు. మధ్యమం, ధైవతం లేని శంకరాభరణ స్వరాలంటే హంసధ్వనే. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు కల్పించిన రాగం. ఏ కచేరీలోనైనా వాతాపి గణపతితో పలకరించే రాగం. పాడైపోయిందనుకున్న ముక్కలో అది ఎవరూ పెట్టకుండానే వచ్చి కూర్చుంది. వాడి పాట హంసధ్వని కాదు కాబట్టి వాడి గొడవ తీరలేదు, అది వేరే సంగతి. అయినా ఒక పూట హంసధ్వనితో గడిపాక వాడి ముఖంలో మునుపటి కోపం లేదు. లేనివాటి జాబితా పట్టుకుని తిరిగేవాళ్లు ఉన్నవాటిని వరసలో పెట్టి ఒకసారి ఊది చూడడం మంచిది. అక్కడ ఏ రాగం ఉందో ఎవరికి తెలుసు?

ధైవతం మాత్రం తెప్పించవచ్చు. ఈ రిక్టర్ శ్రుతిలో ఒక దుబారా ఉంది. రెండో రంధ్రంలో గాలి పీలిస్తే పంచమం, మూడో రంధ్రంలో ఊదితే అదే పంచమం. ఒకే స్వరానికి రెండు నాలుకలు. ఐరిష్ పాటలు వాయించే బ్రెండన్ పవర్ అనే ఆయన ఈ రెండింటిలో ఊదే పంచమాన్ని రెండు స్వరస్థానాలు పెంచి ధైవతం చేసుకున్నాడు. దానికి పాడీ రిక్టర్ అని పేరు పెట్టాడు. పంచమం పోలేదు, పక్క రంధ్రంలో ఉంది. కింది ధైవతం కొత్తగా వచ్చింది. పని కూడా చిన్నదే: ఇత్తడి నాలుక కొస దగ్గర సన్నగా గీకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి పోతుంది. ఒక్కసారే ఎక్కువ గీకితే మాత్రం గీకింది వెనక్కి రాదు.

నాకు ఇందులో నచ్చింది ఆ మనిషి ఎక్కడ చెయ్యి పెట్టాడన్నది. అవసరమైన స్వరాన్ని ముట్టుకోలేదు, రెండుసార్లు ఉన్నదాన్ని పట్టుకున్నాడు. మీ వారంలో రెండుసార్లు ఉన్నది ఏది? ఒకే కబురు ఫోనులో ఒకసారి, మళ్లీ వాట్సాప్‌లో ఒకసారి. ఒకే వార్త పొద్దున పేపర్లో, రాత్రి టీవీలో. కొత్త పనికి చోటు అక్కడ దొరుకుతుంది. నిద్రలోంచో పిల్లల వేళలోంచో లాక్కోవాలని చూస్తే పంచమాన్ని పోగొట్టుకుంటారు.

మనవడి చేతికి ఆకురాయి వెంటనే ఇవ్వలేదు. అంతకంటే ముందు చూడవలసింది ఒకటుంది, దానికి ఏ తీగా, ఏ నాలుకా కదపనక్కర్లేదు. షడ్జాన్ని జరపడం. వాద్యం శంకరాభరణంలో ఉందనుకోండి. దాని రిషభాన్ని 'స' అనుకుని అక్కడి నుంచి వాయిస్తే ఖరహరప్రియ. గాంధారాన్ని 'స' అనుకుంటే హనుమతోడి, మధ్యమాన్ని అనుకుంటే మేచకల్యాణి, పంచమాన్ని అనుకుంటే హరికాంభోజి, ధైవతాన్ని అనుకుంటే నటభైరవి. నిషాదం దగ్గర మాత్రం కుదరదు, శుద్ధ పంచమం దొరకదు. దీన్ని గ్రహభేదం అంటారు. అవే ఏడు స్వరాలు, ఇల్లు ఎక్కడ అన్నదే తేడా.

మధ్యమ శ్రుతి కూడా ఈ కుటుంబంలోదే. పున్నాగవరాళి, నాదనామక్రియ, నవరోజు లాంటి రాగాలు పైకి పెద్దగా వెళ్లవు. మామూలు శ్రుతిలో పాడితే గొంతు అడుగునే తిరుగుతాయి. అందుకని మధ్యమాన్ని షడ్జంగా పెట్టుకుని పాడతారు. అప్పుడు అదే పాట గొంతు మధ్యలోకి వస్తుంది, వినేవాళ్లకూ వినబడుతుంది. మన ఊళ్లలో శ్రీరామనవమికి పద్య నాటకాలు ఆడిస్తారు కదా, అక్కడ హార్మోనిస్టును గమనించండి. కృష్ణుడు నాలుగున్నర శ్రుతిలో పద్యం ఎత్తి వెళ్లిపోతాడు, తర్వాత వచ్చే వేషగాడిది రెండున్నర. పెట్టెలో రీడు ఏదీ కదలదు. హార్మోనిస్టు చెయ్యి పక్కకు జరుగుతుంది, షడ్జం కొత్త మెట్టు మీదికి వస్తుంది. ఎక్కువ శ్రుతిలో పాడినవాడు గొప్పని ఈలలు వేసే ప్రేక్షకులూ ఉంటారు. రెండున్నరలో నిండుగా వచ్చే గొంతును నాలుగున్నరకు ఎక్కించి పిసికేయడం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

షడ్జాన్ని జరపడమంటే ఏమిటో బతుకులో చెప్పాలంటే నా రిటైర్మెంటు చెప్పాలి. మొదటి సంవత్సరం నేను టీచరునే, బడి లేని టీచరును. అన్నిటినీ బడి నుంచి లెక్కపెట్టేదాన్ని: ఇప్పుడు రెండో పీరియడు, ఇప్పుడు భోజనం గంట. ఏ పని చేసినా వెలితిగానే ఉండేది. తర్వాతెప్పుడో తోట నుంచి లెక్కపెట్టడం మొదలైంది. ఇప్పుడు పూత, ఇప్పుడు పిందె. మనిషిని నేనే, ఇల్లు అదే, పింఛనూ అంతే. వెలితిగా ఉండే మధ్యాహ్నాలు వేరే రాగంలోకి వెళ్లాయి. దాని కోసం నేను ఏమీ కొనలేదు, ఎవరినీ మారమనలేదు.

సరే, మరి అపస్వరం ఎక్కడిదో ఎలా తెలుసుకోవాలి? నూజివీడు కుర్రాడు వచ్చి మెట్లు సరిచేసినప్పుడు అతని చేతులు గమనించాను. ముందు ఒక తీగ మీద అన్ని మెట్లూ చూశాడు. తర్వాత ఒక మెట్టు మీద అన్ని తీగలూ చూశాడు. ఒక తీగ మీద అన్ని మెట్లూ తప్పు పలికితే తప్పు తీగది, బిరడ తిప్పితే చాలు. ఒక మెట్టు దగ్గర అన్ని తీగలూ తప్పు పలికితే తప్పు మెట్టుది, మైనం వేడి చెయ్యక తప్పదు. అన్ని చోట్లా గరగరలాడితే తీగలు ఆనే గుర్రం చూడాలి, కర్ర చూడాలి. అంతే అతని విద్య. ఒక కాగితం తీసుకుని మీరు ఇదే చెయ్యండి. మిమ్మల్ని బాధపెట్టేదాన్ని పైన రాసి, అది ఎక్కడెక్కడ వినబడుతోందో కింద రాయండి.

మా చెల్లెలి కూతురు నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. "పెద్దమ్మా, మానేస్తాను" అని ఏడ్చింది. కాగితం రాయించాను. పని బాగానే ఉంది, జీతం బాగానే ఉంది, పక్క సీటు వాళ్లు బాగానే ఉన్నారు. సోమవారం పొద్దున జరిగే ఒక మీటింగు, అందులో ఒకే మనిషి. ఆ ఒక్క తీగ మీదే తప్పు. ఆ మీటింగులో తను చెప్పవలసింది ఆదివారం రాత్రే రాసి పంపడం మొదలుపెట్టింది. సోమవారాలు తియ్యగా ఏమీ మారలేదు, ఉద్యోగం మాత్రం మానలేదు.

నాది దానికి ఎదురు కథ. నేను చెప్పేది ఎవరూ పూర్తిగా వినరని నా ఫిర్యాదు. బడిలో వినలేదు, ఇంట్లో వినరు, తోటలో కూలీలు వినరు, ఫోనులో కూతురు వినదు. రాసి చూసుకుంటే నాలుగు తీగల మీదా ఒకే మెట్టు దగ్గర అపస్వరం. మెట్టు నాది. అసలు సంగతి చివర్లో చెప్పే అలవాటు నాకు, ఈ అధ్యాయం చదువుతున్న మీకు అది ఈపాటికే తెలిసి ఉంటుంది. ఆ మైనం ఇప్పటికీ పూర్తిగా కరగలేదు.

కర్ర గురించి కూడా చెప్పాలి. మా వైపు ముదురు మామిడి తోటలు కొట్టేసి ఆయిల్ పామ్ పెడుతున్నారు. కొందరికి అదే సరైన లెక్క కావచ్చు, నేను కాదనను. మా వీధి చివరి అన్నయ్య కూడా రంపం మిషన్ మాట్లాడుకున్నాడు. ఆయన ఫిర్యాదు ధర గురించి. ఏటా ఒకే వారంలో కోసి, ఒకే దళారికి వేస్తున్నాడు. ఒక్క తీగ. చెట్లు కొట్టడమంటే కర్ర మార్చడం. అంతకంటే ముందున్నవి చాలా ఉన్నాయి: కొమ్మలు నరికి చిగుళ్ల మీద మంచి రకం అంటు కట్టుకోవచ్చు, దానికి రెండు మూడేళ్ల పంట పోతుంది, అది మెట్టు. కాయకు కవరు కట్టుకోవచ్చు. ఎంచిన చిన్న రసాలు పెట్టెల్లో సర్ది ఆర్టీసీ కార్గోలో హైదరాబాదు చుట్టాలకు పంపి చూడవచ్చు, అది బిరడ. ఆయన పది పెట్టెలు పంపాడు. రెండు మెత్తబడిపోయాయి, ఎనిమిదింటికి మంచి ధర వచ్చింది. మరుసటేడు కాయ కాస్త దోరగా ఉన్నప్పుడే కోశాడు. తోట ఇంకా ఉంది. ధర పూర్తిగా కుదిరిందా అంటే లేదు. రంపం మిషన్ నంబరు కూడా ఆయన ఫోనులో ఇంకా ఉంది.

కర్రే పగిలితే ఏ శ్రుతీ నిలవదు. కొట్టే భర్తతో, జీతం ఎగ్గొట్టే యజమానితో శ్రుతి కలుపుకోమని ఈ అధ్యాయం చెప్పడం లేదు. అక్కడ బిరడ తిప్పుతూ కూర్చున్న ఆడవాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను. ఎంత తిప్పినా తీగ దిగిపోతూనే ఉంటే, బిరడ వదిలి కర్ర మీద చెయ్యి వేసి చూడాలి.

మనవడు సెలవులు అయిపోయే ముందు ఆకురాయి పట్టాడు. మూడో రంధ్రం నాలుక గీకాడు, కొంచెం ఎక్కువే గీకాడు. వాడి కింది ధైవతం ఒక పిసరు పైన పలుకుతుంది. "పోయిందా అమ్మమ్మా?" అన్నాడు. పోలేదు గానీ, ఆ సాయంత్రం దాన్ని వదిలేసి మధ్య స్థాయికి రమ్మన్నాను. వాడి మౌత్ ఆర్గాన్ ఒకటో శ్రుతిది. దాని రిషభాన్ని షడ్జం చేసుకుంటే రెండో శ్రుతి, ఖరహరప్రియ. నాలుగో రంధ్రంలో పీల్చడంతో మొదలుపెట్టి ఎనిమిదో రంధ్రంలో పీల్చేదాకా ఒక స్థాయి మొత్తం, ఏ స్వరమూ లోపించకుండా ఉంటుంది.

నా వీణ రెండున్నరలో ఉంది. ఏడు బిరడలూ ఒక్కో స్వరస్థానం కిందికి దించాను. ముందు సారణి, తర్వాత పంచమం, మంద్రం, అనుమంద్రం, ఆఖరున తాళం తీగలు మూడు. పావుగంట పట్టింది. అప్పటికి తోటలో వెలుతురు పోయింది, వసారాలో దీపం వేశారు.

"ఎక్కడ మొదలుపెట్టను?" అన్నాడు.

"నాలుగులో. పీల్చు."

పీల్చాడు. నేను చిటికెనవేలితో తాళం తీగలు మీటాను.